హైదరాబాద్‌లో జంతు శిక్షణ చదువు తక్కువ ఖర్చులో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో నా ఫోన్ ఆగదు. "మా వాడికి కుక్కలంటే ప్రాణం, దీనికేమైనా కాలేజీ ఉందా సార్?" అని తల్లిదండ్రులు అడుగుతారు. "డిగ్రీ మానేసి ఇటు వచ్చేయనా అన్నా?" అని పిల్లలు అడుగుతారు. నేను ఈ ఊళ్లో పెంపుడు కుక్కలకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## నిర్ణయం తీసుకునే ముందు

జంతు శిక్షణ నేర్పే డిగ్రీ కాలేజీ హైదరాబాద్‌లో ఉందా?

అచ్చంగా ఆ పేరుతో డిగ్రీ కోసం డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ దోస్త్ జాబితా అంతా వెతికితే నిరాశే మిగులుతుంది. దగ్గరి చదువులు మాత్రం ఉన్నాయి. జువాలజీ ఉన్న బీఎస్సీ, సైకాలజీ ఉన్న బీఏ, వెటర్నరీ డిగ్రీ, పశుసంవర్ధక డిప్లొమా అలాంటివి. వీటికి తోడు ప్రైవేటువాళ్లు నడిపే కొన్ని వారాల, కొన్ని నెలల కోర్సులు ఉంటాయి. నా సలహా ఒకటే. గుర్తింపు ఉన్న డిగ్రీని తక్కువ ఫీజులో చదవండి, చేతిపనిని మంచి ట్రైనర్ దగ్గర విడిగా నేర్చుకోండి. ఈ రెండూ ఒకే ప్యాకేజీలో ఇస్తామని పెద్ద మొత్తం అడిగేవాళ్ల దగ్గర మాత్రం తొందరపడి డబ్బు కట్టకండి.

కుక్కల ట్రైనర్‌గా పని చేయడానికి లైసెన్స్ కావాలా?

పెంపుడు కుక్కలకు శిక్షణ ఇవ్వడానికి మన దేశంలో ప్రత్యేక లైసెన్స్ తప్పనిసరి కాదు. నిన్న మొదలుపెట్టినవాళ్లు కూడా బోర్డు పెట్టుకోగలుగుతున్నది అందుకే. వైద్యం సంగతి వేరు. భారత పశువైద్య మండలి చట్టం 1984 ప్రకారం రిజిస్టరైన వెటర్నరీ డాక్టర్లే వైద్యం చేయాలి. ట్రైనర్ ఇంజెక్షన్ వేయకూడదు, మందు రాయకూడదు. "ట్రైనింగ్‌తో పాటు చిన్న చిన్న వైద్యం కూడా నేర్పిస్తాం" అని ఏదైనా కోర్సు చెబితే అక్కడి నుంచి వచ్చేయండి.

పులులకు, కోతులకు శిక్షణ ఇవ్వాలని ఉంది. అవకాశం ఉంటుందా?

ప్రదర్శనల కోసమైతే లేదు. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలకు ప్రదర్శన కోసం శిక్షణ ఇవ్వడాన్ని కేంద్రం 1998లోనే నిషేధించింది, 2011లో ఎద్దులను కూడా ఆ జాబితాలో చేర్చింది. డాల్ఫిన్ షోలకు 2013 నుంచి అనుమతి లేదు. మన రామచిలుకను పంజరంలో పెట్టి మాటలు నేర్పడం కూడా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం నేరమే. ఆ మాట చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు.

వన్యప్రాణులంటే నిజంగా ఇష్టమైతే జూ పని వైపు చూడండి. మంచి జూలలో జంతువును మత్తుమందు లేకుండా పరీక్షించడానికి వీలుగా, దాని అంతట అదే కాలు ముందుకు చాపేలా, నోరు తెరిచేలా నేర్పిస్తారు. 1963లో మొదలైన మన నెహ్రూ జూ పార్కు అటవీ శాఖ కింద ఉంది. అక్కడి ఉద్యోగాలు ప్రభుత్వ పద్ధతిలోనే భర్తీ అవుతాయి. నగరంలో ఎక్కువ పని దొరికేది మాత్రం కుక్కల దగ్గరే. గుర్రాల మీద ఆసక్తి ఉంటే మలక్‌పేట రేస్ కోర్సు చుట్టూ ఉన్న ప్రపంచం వేరే ఉంది, అక్కడ చదువు కంటే చిన్నప్పటి నుంచి లాయంలో పెరిగిన అనుభవానికే విలువ.

జంతువులంటే ప్రాణం. అది చాలదా?

ప్రాణం ఉండాలి, కానీ ఈ పనిలో సగం మనుషులతోనే. మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో ఒక ఇండీ (నాటు) కుక్క లిఫ్ట్ ఎక్కేది కాదు. తలుపు తెరుచుకునే టింగ్ శబ్దానికే నాలుగు కాళ్లూ నేలకు అతికించేది. మొదటి రోజు లిఫ్ట్‌కు ఐదడుగుల దూరంలో కూర్చుని, శబ్దం వచ్చినప్పుడల్లా గోరంత ఉడికించిన చికెన్ ముక్క పెట్టాం, అంతే. నాలుగో రోజుకు దాని ముందు కాళ్లు లిఫ్ట్ లోపలికి వచ్చాయి. ఐదో రోజు ఇంటాయన ఆఫీసుకు టైమైపోతోందని బెల్టు పట్టి లోపలికి లాగేశారు. ఆరో రోజు మళ్లీ ఐదడుగుల దూరం నుంచే మొదలుపెట్టాం. అప్పుడు నేను కుక్కకు నేర్పింది తక్కువ, ఆయనకు నొప్పి కలగకుండా మాట చెప్పడానికి పడ్డ కష్టం ఎక్కువ. మనుషులతో ఓపిగ్గా మాట్లాడటం మీకు ఇష్టమో కాదో ముందు చూసుకోండి.

## కోర్సు ఎంచుకునేటప్పుడు

ఇంటర్ బైపీసీ పూర్తయింది. వెటర్నరీ మంచిదా, బీఎస్సీ జువాలజీ మంచిదా?

డాక్టర్ కావాలని ఉంటేనే వెటర్నరీ. రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి. కోర్సు ఐదున్నరేళ్లు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. సీటు వస్తే ఫీజు, ఉద్యోగం రెండు విధాలా మంచిదే. కానీ ఆ చదువు పశువుల ఆరోగ్యం, ఉత్పత్తి చుట్టూ తిరుగుతుంది. శిక్షణ నేర్పడం దాని లక్ష్యం కాదు.

శిక్షణే మీ దారి అనుకుంటే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జువాలజీ ఉన్న బీఎస్సీ చాలా తక్కువ ఖర్చులో పూర్తవుతుంది. మూడేళ్లలో ఉదయాలు, ఆదివారాలు చేతిపనికి మిగులుతాయి. సీటు కోసం దోస్త్‌లో 200 రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజుతో మొదలుపెట్టవచ్చు. వెటర్నరీ సీటు రాలేదని ఏళ్ల తరబడి లాంగ్ టర్మ్ కోచింగ్‌లకు లక్షలు పోసే ముందు, మీకు కావాల్సింది డాక్టర్ పనా, ట్రైనర్ పనా అని ఇంట్లో కూర్చుని ఒక్కసారి మాట్లాడుకోండి.

మాది బైపీసీ కాదు, సీఈసీ. దారి మూసుకుపోయినట్టేనా?

లేదు. నన్నడిగితే ట్రైనర్‌కు అన్నిటికన్నా దగ్గరి సబ్జెక్టు సైకాలజీ. గంట శబ్దానికి కుక్కకు నోరూరడం గురించి పావ్‌లోవ్ చెప్పింది, ఫలితాన్ని బట్టి ప్రవర్తన మారుతుందని స్కిన్నర్ చూపించింది అక్కడ చదువుతారు. మేం రోజూ చేసేది అదే. సైకాలజీ ఉన్న బీఏ గ్రూపుకు సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలు కూడా వెళ్లవచ్చు. "లెర్నింగ్" అధ్యాయం పరీక్ష కోసం బట్టీ పట్టకండి. మీ వీధిలో కుక్కను చూస్తూ చదవండి.

పదో తరగతి తర్వాత వెంటనే చేరే కోర్సు ఉందా?

పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. రెండేళ్లు, పాలిసెట్ ర్యాంకుతో ప్రవేశం. ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్ల పెంపకం మీద దృష్టి ఉంటుంది. జంతువును భయపెట్టకుండా పట్టుకోవడం, దాని ఆరోగ్యం చూడగానే పసిగట్టడం బాగా వస్తాయి. కుక్కల శిక్షణ మాత్రం విడిగా నేర్చుకోవాల్సిందే.

ఉద్యోగం చేస్తున్నాను. మానేయకుండా చదవడం కుదురుతుందా?

కుదురుతుంది. 1982లో మొదలైన మన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం జూబ్లీహిల్స్‌లోనే ఉంది. ఇగ్నో కూడా ఉంది. రెండింటిలోనూ ఫీజు సామాన్యులు కట్టగలిగేలా ఉంటుంది. వేరే ఏ దూరవిద్యలో చేరినా ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యూజీసీ అనుమతి ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. కన్సల్టెన్సీవాళ్లు చూపించే కాగితాన్ని నమ్మవద్దు.

ఆన్‌లైన్ కోర్సు చేస్తే సరిపోదా?

తల నిండుతుంది, చేయి తిరగదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం జంతు ప్రవర్తన, సంక్షేమం మీద, డ్యూక్ విశ్వవిద్యాలయం కుక్కల భావోద్వేగాల మీద కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో మంచి పాఠాలు పెట్టాయి. మొదటి నెల వాటితో గడపండి. అవే బోర్ కొడితే ఈ రంగం మీకు సరిపడదని పెద్దగా ఖర్చు లేకుండానే తెలిసిపోతుంది. కానీ కుక్క కూర్చున్న క్షణానికి, మెచ్చుకుంటూ మీరు "యెస్" అన్న క్షణానికి మధ్య ఒక్క సెకను ఆలస్యమైనా అది లేచి నిలబడినందుకు బహుమతి ఇచ్చినట్టవుతుంది. ఆ టైమింగ్ వీడియో చూస్తే రాదు.

అమెరికాలో యానిమల్ ట్రైనింగ్ కాలేజీలు ఉన్నాయంటారు. అప్పు చేసి వెళ్లవచ్చా?

ఉన్నాయి. కాలిఫోర్నియాలోని మూర్‌పార్క్ కమ్యూనిటీ కాలేజీ 1970ల నుంచి అన్యదేశ జంతువుల శిక్షణ, నిర్వహణ కోర్సు నడుపుతోంది. కాలేజీలోనే జూ ఉంటుంది, పండుగ రోజు కూడా విద్యార్థులే మేత వేయాలి, గూళ్లు కడగాలి. ఫ్లోరిడాలోని శాంటా ఫే కాలేజీలో కూడా జూ ఉంది. అక్కడి పిల్లలకు ఇవి చవకైన దారులే, ఎందుకంటే కమ్యూనిటీ కాలేజీ ఫీజు స్థానికులకు తక్కువ. బయటి దేశంవాళ్లకు ఆ తక్కువ ఫీజు వర్తించదు. పైగా అద్దె, ఇన్సూరెన్స్ ఉంటాయి. చదువు తర్వాత విద్యార్థి వీసా మీద పని చేసుకోవడానికి సాధారణంగా ఏడాదే దొరుకుతుంది. అక్కడ నేర్చుకున్న అన్యదేశ జంతువుల పనికి ఇక్కడ చోటు చాలా తక్కువ. ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లే చదువు ఇది కాదని నా గట్టి అభిప్రాయం.

## ఫీజు సంగతి

ప్రైవేటు కోర్సు ఫీజు ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుంది?

మొత్తం ఫీజు చూడకండి. మీ చేతిలో బెల్టు ఉండే గంటకు ఎంత పడుతుందో లెక్క వేయండి.

ఉదాహరణకు ఫీజు 60,000 అనుకుందాం. 12 వారాలు, వారానికి 6 గంటలు, మొత్తం 72 గంటలు. అందులో సగం థియరీ పోతే 36 గంటల ప్రాక్టికల్. బ్యాచ్‌లో 12 మంది, కుక్కలు 2. అంటే మీ వంతుకు వచ్చేది 6 గంటలు. గంటకు 10,000 రూపాయలు! ఇంకోచోట ఫీజు 75,000, అవే 36 గంటల ప్రాక్టికల్, కానీ నలుగురు విద్యార్థులకు నాలుగు కుక్కలు. గంటకు రెండు వేల పైచిలుకు. చూడటానికి ఎక్కువ ఫీజు ఉన్నదే నిజానికి చాలా చవక.

ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. నేను మొదట చేరిన చోట పద్నాలుగు మందికి ఒక్కటే లాబ్రడార్. పదో మనిషి వంతు వచ్చేసరికి అది ట్రీట్ వైపు కూడా చూడకుండా సిమెంటు గచ్చుకు పొట్ట ఆనించి పడుకునేది. నా పేరు అక్షర క్రమంలో చివర్లో ఉండేది. మూడు నెలల్లో నేను నేర్చుకున్నది అలిసిపోయిన కుక్క ఎలా ఉంటుందో. అమ్మ చిట్టీ పాడిన డబ్బు అది. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఈ పేజీ రాస్తున్నాను.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

గుర్తింపు ఉన్న డిగ్రీకి, డిప్లొమాకు అర్హత ఉంటే వస్తుంది, తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి. ఏడాది ఆదాయ పరిమితి ఒక్కో వర్గానికి ఒక్కోలా ఉంటుంది. బీసీ, ఈబీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి. ఉదయం ట్రైనింగ్ పనికి వెళ్లి కాలేజీ ఎగ్గొట్టే పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు. ప్రైవేటు ట్రైనర్ ఇచ్చే సర్టిఫికెట్ కోర్సుకు ఈపాస్ వర్తించదు. "రీయింబర్స్‌మెంట్ మేం చూసుకుంటాం" అని అలాంటి చోట అంటే నమ్మవద్దు.

బ్యాంకు లోన్ ఇస్తుందా?

గుర్తింపు ఉన్న కాలేజీ కోర్సుకు ఇస్తుంది. బ్యాంకుల సాధారణ విద్యారుణ పథకంలో 4 లక్షల వరకు తాకట్టు అడగరు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. గుర్తింపు లేని కోర్సుకు విద్యారుణం రాదు కాబట్టి పర్సనల్ లోన్ తీసుకోమని కొందరు సలహా ఇస్తారు. ఆ వడ్డీ మొదలవుతుంది, ఈ పనిలో ఆదాయం మాత్రం వెంటనే మొదలవదు. తీసుకోకండి.

ఫీజు కాకుండా ఇంకేం ఖర్చులుంటాయి?

పెట్రోల్. ఉప్పల్ నుంచి కోకాపేటకు వారానికి మూడుసార్లు వెళ్లి వస్తే ఆ ఖర్చే బాగా తేలుతుంది, కోర్సు ఎంచుకునేటప్పుడు దూరం కూడా చూసుకోండి. మంచి పట్టు ఉన్న బూట్లు, ఆరడుగుల బెల్టు ఒకటి, పొడవాటి తాడు ఒకటి, ట్రీట్ సంచి. ఖరీదైన కిట్ కొనమని ఎవరైనా బలవంతపెడితే అవసరం లేదని చెప్పండి.

## చేరే ముందు చూడాల్సినవి

డెమో క్లాసుకు వెళితే దేన్ని గమనించాలి?

ట్రైనర్‌ను కాదు, కుక్కను చూడండి. ట్రైనర్ బాగా మాట్లాడతారు, కుక్క అబద్ధం చెప్పదు. ఆయన దగ్గరికి రాగానే తోక వదులుగా ఊగుతోందా, కాళ్ల మధ్యకు పోతోందా? తిండి లేకుండానే మాటిమాటికి మూతి నాక్కుంటోందా, నిద్ర రాకుండానే ఆవులిస్తోందా, తల అటు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తోందా? ఇవన్నీ టెన్షన్ గుర్తులు. చెప్పిన మాటల్లా వింటున్నా సరే, ఆ కుక్క భయంతో వింటోంది.

తర్వాత మెడ చూడండి. ముళ్ల పట్టీ, బిగుసుకునే గొలుసు, కరెంటు షాక్ పట్టీ కనిపిస్తే అక్కడ చేరవద్దు. "నువ్వే ఆల్ఫా (గుంపు నాయకుడు) అని చూపించాలి" అనే మాట వినిపించినా అంతే. జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికన్ వెటర్నరీ డాక్టర్ల సంఘం 2021లోనే అన్ని కుక్కలకూ బహుమతి పద్ధతే వాడాలని స్పష్టంగా చెప్పింది. మన దేశంలో కుక్కను కొట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. కొట్టి నేర్పే చోట మీరు నేర్చుకునేది కొట్టడమే, ఆ అలవాటు చేతిలోంచి పోవడానికి ఏళ్లు పడుతుంది.

చివరగా ఒక ప్రశ్న అడగండి: "మీ పద్ధతి ఈ కుక్కకు పనిచేయకపోతే ఏం చేస్తారు?" డాక్టర్‌కు చూపిస్తాం, నొప్పి ఏమైనా ఉందేమో కనుక్కుంటాం, అడుగు వెనక్కి వేసి మళ్లీ మొదలుపెడతాం అని చెప్పేవారి దగ్గర చేరండి.

"ఇంటర్నేషనల్ సర్టిఫికెట్" ఇస్తామంటున్నారు. విలువ ఉంటుందా?

ఏ సంస్థ ఇస్తోంది, పరీక్ష ఎవరు పెడతారు అని అడగండి. నిజంగా పేరున్న వాటిలో సీపీడీటీ-కేఏ అనే కుక్కల ట్రైనర్ సర్టిఫికెట్ ఒకటి. ఆ పరీక్ష రాయాలంటే గత మూడేళ్లలో కనీసం 300 గంటలు కుక్కలకు శిక్షణ ఇచ్చిన అనుభవం చూపించాలి. అంటే అది కొత్తవాళ్లకు వెంటనే దొరికేది కాదు. రెండు వీకెండ్లలో అంతర్జాతీయ సర్టిఫికెట్ అంటే అది ప్రింటర్ లోంచి వచ్చిన కాగితమే.

అమ్మాయిని ఈ రంగంలోకి పంపవచ్చా?

పంపండి. ఈ పని బలంతో చేసేది కాదు, ఓపిక, టైమింగ్ కావాలి. జాగ్రత్త తీసుకోవాల్సింది కొత్త ఇళ్లకు వెళ్లే విషయంలో. మొదటి సెషన్ పార్కులోనో, అపార్ట్‌మెంట్ కింద నలుగురూ తిరిగే చోటో పెట్టుకోవాలి, లొకేషన్ ఇంట్లో షేర్ చేయాలి. కోర్సు నడిపేవాళ్లు ఈ జాగ్రత్తలు ముందే చెబుతున్నారా అని అడగండి.

## చదువుతున్న రోజుల్లో

ఇంట్లో కుక్క లేదు. ప్రాక్టీస్ ఎలా?

కుక్కను కొనవద్దు. ప్రాక్టీస్ కోసం తెచ్చిన కుక్క పదిహేనేళ్ల బాధ్యత. జూబ్లీహిల్స్‌లో 1992 నుంచి ఉన్న బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి షెల్టర్లలో వాలంటీర్‌గా అడగండి. భయపడే కుక్క, మీద పడే కుక్క, మూలన కూర్చున్న కుక్క, అన్ని రకాలూ అక్కడే కనిపిస్తాయి. మొదట్లో గిన్నెలు కడగమంటారు, కడగండి. కొండాపూర్‌లోని జీహెచ్‌ఎంసీ డాగ్ పార్కులో ఒక గంట బెంచీ మీద కూర్చుని, రెండు కుక్కలు కలిసే ముందు ఒకదాన్నొకటి ఎలా చుట్టి వస్తాయో రాసుకోవడం కూడా పాఠమే.

కుక్క కరిస్తే?

వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో టీకా వేస్తారు. గాయం చిన్నదని, కుక్క ఇంటిదని ఆగకండి, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు కాటు పడకముందే డాక్టర్‌ను అడిగి ముందస్తు టీకా వేయించుకోవాలి. విద్యార్థులకు ఈ మాట చెప్పని కోర్సు మంచి కోర్సు కాదు.

## చదువు తర్వాత

పోలీసు డాగ్ స్క్వాడ్‌లో ఉద్యోగం వస్తుందా?

నేరుగా ట్రైనర్‌గా తీసుకోరు. ముందు కానిస్టేబుల్‌గా ఎంపిక కావాలి, తర్వాత హ్యాండ్లర్‌గా అవకాశం రావాలి. మన రాష్ట్ర పోలీసు జాగిలాలకు మొయినాబాద్‌లో శిక్షణ ఉంది. బీఎస్ఎఫ్‌కు గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో 1970 నుంచి జాతీయ కేంద్రం ఉంది, సీఆర్పీఎఫ్‌కు బెంగళూరు దగ్గర తరాలులో ఉంది. అదే మీ కల అయితే ప్రైవేటు కోర్సుకు పెట్టే డబ్బు మిగుల్చుకుని ఫిజికల్ టెస్టుకు, రాతపరీక్షకు తయారవ్వండి.

సినిమా షూటింగులకు జంతువులను తయారు చేసే పని ఎలా ఉంటుంది?

ఉంది, కానీ నిబంధనలు గట్టివి. 2001 నాటి ప్రదర్శన జంతువుల నిబంధనల ప్రకారం జంతువును భారత జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించాలి. కాగితాలు లేకుండా "ఒక్క షాటే కదా" అని పిలిచేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

సంపాదన ఎప్పుడు మొదలవుతుంది?

మొదటి ఏడాది దీని మీదే ఇల్లు గడుస్తుందని అనుకోకండి. డిగ్రీ చదువుతూ నేర్చుకోమని నేను చెప్పేది ఇందుకు కూడా. దసరా, సంక్రాంతి సెలవుల్లో ఊళ్లకు వెళ్లేవాళ్ల కుక్కలను బోర్డింగ్‌లో చూసుకునే పని, పొద్దున్నే వాకింగ్‌కు తీసుకెళ్లే పని ముందు దొరుకుతాయి. శిక్షణ పని మెల్లగా వస్తుంది, ఎక్కువగా వెటర్నరీ డాక్టర్లు చెబితేనే వస్తుంది. నాకు మొదట వచ్చిన ఆరుగురిలో నలుగురు ఒకే క్లినిక్ నుంచి వచ్చారు. అక్కడి డాక్టర్ గారికి నేను చూపించింది సర్టిఫికెట్ కాదు, ఒక లాంగ్ నోట్‌బుక్. ప్రతి కుక్క పేరు, వయసు, మొదటి రోజు ఏం చేసింది, పదో రోజు ఏం చేసింది, నేనెక్కడ తప్పు చేశాను అన్నీ తేదీలతో అందులో ఉన్నాయి. ఆయన నాలుగు పేజీలు తిప్పి, రిసెప్షన్‌లో నా నంబర్ రాసి పెట్టమన్నారు.